ముందు కోడిపోరా, రాయబారమా?

కారంపూడిని అక్కడి విద్యార్థి కళ్లతో చూస్తే కనిపించే పల్నాడు వేరు

శ్రీనాథుడికి పల్నాడు తిండి పడలేదు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగిన కవి. సన్నబియ్యానికి అలవాటుపడిన నాలుక. ఆయన పేర చెప్పుకునే చాటువుల్లో ఈ సీమ మీద విసుర్లకు లోటు లేదు. ఇక్కడి జొన్నకూడును వదల్లేదు, నాపరాళ్లను వదల్లేదు, తేళ్లనూ పాములనూ వదల్లేదు, ఆఖరికి నాగులేటి నీళ్లనూ వదల్లేదు. మళ్లీ ఇదే నేల మీద పోరాడి పడిపోయిన వీరుల కథను ద్విపదలో చెప్పిన ‘పల్నాటి వీరచరిత్ర’ కూడా ఆయన పేరు మీదే ఉంది. తిట్టినా పొగిడినా పల్నాడును పట్టించుకున్న పెద్దమనిషి ఆయన. ఆ మర్యాద ఆయనకు ఎప్పుడూ ఉంటుంది.

అయితే అప్పటినుంచి ఇప్పటిదాకా పల్నాడును చూసి నవ్వింది బయటివాళ్లే, పల్నాడు పేరు చెబితే భయపడిందీ బయటివాళ్లే. లోపల ఉండి, ఈ ఎండలో తిరుగుతూ, ఈ కారం తింటూ నవ్వుకునేవాళ్ల మాట పేపర్లకు ఎక్కింది చాలా తక్కువ. ఆ నవ్వు వినాలంటే పొద్దున పూట కారంపూడి సెంటర్‌లో, భుజాన పుస్తకాల సంచులతో బస్సు దిగే పిల్లల మధ్య నిలబడాలి. నేను ఇంటర్ చదివిన రోజుల్లో ఆ గుంపులో ఒకణ్ణి. పల్నాడు గురించి నాకు తెలిసిన మంచి మాటలన్నీ అక్కడ విన్నవే.

పట్నమా? పల్లెనా?

కారంపూడి మండల కేంద్రం. గురజాల డివిజన్‌లో ఉంటుంది, ఓటు మాచర్ల నియోజకవర్గంలో వేస్తుంది, జిల్లా ఆఫీసు పనికి నరసరావుపేట పోతుంది. రైలెక్కాలంటే గురజాలకో పిడుగురాళ్లకో పోవాలి. ఒప్పిచర్ల నుంచి, పేటసన్నెగండ్ల నుంచి, మిరియాల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు ఇది పట్నం. బ్యాంకు, జిరాక్స్ షాపు, చెప్పుల కొట్టు, సెల్‌ఫోన్ల కొట్టు, అడుగడుక్కీ పురుగుమందుల దుకాణం. ఇంతకన్నా పట్నం ఎట్లా ఉంటుంది? నరసరావుపేటలో ఉండే మేనత్త మాత్రం పండక్కి ఫోన్ చేసి, “పల్లెటూళ్లో ఏం తోస్తుందిరా, ఇక్కడికి రండి” అంటుంది.

ఈ చిక్కుముడిని విద్యార్థులు ఎప్పుడో విప్పేశారు. ఇంట్లో డబ్బులు అడిగేటప్పుడు కారంపూడి పట్నం: “టౌన్లో ఖర్చులుంటయ్ నాయనా.” మార్కులు తగ్గినప్పుడు అదే కారంపూడి పల్లెటూరు: “ఇక్కడ కోచింగులు యాడున్నయ్ నాయనా?” వాళ్ల నాయన కూడా ఒకప్పుడు ఇదే సెంటర్‌లో బస్సు దిగినవాడే. రెండు మాటలూ విని ఒకే నవ్వు నవ్వి, సగం డబ్బులు చేతిలో పెడతాడు.

జిల్లా సంగతి ఇంకా తమాషా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకు ముందు తీసుకున్న సర్టిఫికెట్ల మీద గుంటూరు జిల్లా, ఆ తర్వాత తీసుకున్నవాటి మీద పల్నాడు జిల్లా. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, గుమ్మంలో వేపచెట్టు మారలేదు. అదే పిల్లవాడు పదో తరగతి ఒక జిల్లాలో, ఇంటర్ ఇంకో జిల్లాలో పూర్తి చేశాడు. పై చదువుల కోసం దూరం పోయిన చోట, “మీ వాళ్లు ఎప్పుడు మారారు?” అని అడిగితే, “మేం మారలేదండీ, జిల్లానే మా ఇంటికొచ్చింది” అని చెప్పే పిల్లలను చూశాను.

పల్లెవెలుగు బస్సులో అసలు పరీక్ష జరుగుతుంది. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్న పెద్దాయన, కాళ్ల మధ్య కూరగాయల గంప పెట్టుకున్న పెద్దమ్మ, మూట కట్టిన సంచిలోంచి తల బయటపెట్టి చూస్తున్న కోడిపెట్ట, వీళ్లందరి మధ్య ఒంటికాలి మీద విద్యార్థి. పెద్దమ్మ మొదలుపెడుతుంది. “ఏ ఊరు అబ్బాయ్?” ఊరు చెబుతాడు. “ఎవరి పిల్లోడివి?” తండ్రి పేరు చెబుతాడు. “ఓహో, ఫలానా ఆయన మనవడివా? మీ నాయనమ్మది మా పక్క ఊరేగా. మోకాళ్ల నొప్పులు తగ్గినయ్యా? మీ బాబాయి పొలం అమ్మాడంటగా, ఎంతకమ్మాడు?” కారంపూడి వచ్చేసరికి మూడు తరాల లెక్క తేలుతుంది. ప్రాక్టికల్స్‌లో ఫిజిక్స్ వైవా అంటే ఈ పిల్లలు జంకకపోవడానికి కారణం ఇదే. అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెప్పడం వాళ్లకు బస్సులోనే వచ్చేసింది. ఆ పెద్దమ్మే దిగబోతూ సంచిలోంచి రెండు జామకాయలు తీసి చేతిలో పెడుతుంది. ఏ ఎగ్జామినరూ అంత మర్యాద చేయడు.

మార్చి నెల, మిరప కల్లం

శ్రీనాథుడు చూసిన జొన్నకూడు రోజులు పోయాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లు పల్నాటిలో పారాక వరి వచ్చింది, పత్తి వచ్చింది, మిరప వచ్చింది. మిరప రావడంతో విద్యార్థుల క్యాలెండర్ తిరగబడింది.

కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుంటాయి. కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వచ్చి పొలాల దగ్గర గుడారాలు వేసుకుంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. పరీక్షలూ సరిగ్గా అప్పుడే. పగలంతా కాయలు ఎండాలి, రాత్రి కల్లానికి కాపలా ఉండాలి. మబ్బు పడితే పట్టాలు కప్పాలి. ఆ కాపలాకు ఇంట్లో తీరికగా కనిపించేది ఒక్కడే, చదువుకునేవాడు. “ఎట్లాగూ మేలుకొని చదువుతావుగా, ఆ చదివేదేదో కల్లం దగ్గర చదువు” అంటారు. కాదనడానికి నోరు రాదు.

కల్లం దగ్గర చదువుకున్న పుస్తకాన్ని వెయ్యి పుస్తకాల్లోనైనా గుర్తుపట్టవచ్చు. పేజీ తిప్పే మూల మీద ఎర్రటి బొటనవేలి ముద్ర. ముఖ్యమైన పాఠమైతే ముద్ర మీద ముద్ర పడి ఆ మూల ముదురు రంగుకు తిరుగుతుంది. మధ్యలో నిద్ర ఆపుకోలేక అదే వేలితో కళ్లు నులుముకుంటే ఇక ఆ రాత్రి నిద్ర మాటే ఉండదు. తెల్లవార్లూ కన్నీళ్లతో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన స్నేహితుడొకడు ఉన్నాడు. పొద్దున వాళ్లమ్మ ఆ ఎర్రటి కళ్లు చూసి, బిడ్డ చదివి చదివి ఏమైపోతాడోనని పాలల్లో బాదంపప్పు వేసి ఇచ్చింది. వాడికి ఆ పేపర్లో మంచి మార్కులు వచ్చాయి. ఆ ఘనత కారానిదో బాదందో ఇప్పటికీ తేలలేదు.

తాలు ఏరడం ఇంకో చదువు. రంగు పోయి తెల్లబడిన కాయలు తాలు. మంచికాయలో తాలు కలిస్తే గుంటూరు యార్డులో ధర తెగ్గోస్తారు. అందుకని నాయనమ్మ, అమ్మ, చెల్లెలు అందరూ కల్లం చుట్టూ కూర్చుని ఏరుతుంటారు. మా బ్యాచ్‌లో క్వశ్చన్ బ్యాంకుకూ ఇదే పద్ధతి. తప్పకుండా వచ్చే ప్రశ్నలకు మిరప రకం పేరుతో ‘తేజ’, ఎప్పుడో ఒకసారి వచ్చేవి ‘తాలు’. పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే ఒకడు అరుస్తాడు: “ఒరే, తాలంతా ఇచ్చార్రా!” ఆ మాటకు గేటు దగ్గర నిలబడ్డ తండ్రులు కూడా పగలబడి నవ్వుతారు.

ఆ తండ్రుల జేబులో ఫోన్ మాత్రం ఆ రోజు యార్డు ధర చెబుతూనే ఉంటుంది. ధర పలికిన ఏడాది కాలేజీ ఫీజు గడువు లోపలే కడతారు, కొత్త జత బట్టలు కూడా వస్తాయి. ధర పడిపోయిన ఏడాది ఆడపిల్లను ఇంటి దగ్గరే డిగ్రీలో వేద్దామా అన్న మాట పుడుతుంది. పల్నాటి పిల్లలకు ఎకనామిక్స్‌లో గిరాకీ, సప్లయి పాఠం విడిగా చెప్పాల్సిన పని లేదు. వాళ్ల సీటు, వాళ్ల హాస్టలు, ఒక్కోసారి వాళ్ల పెళ్లి తేదీ కూడా ఆ పాఠంలోనే ఉంటాయి. నవ్వుతూ చెబుతారు కదా అని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

పాఠం మా వీధిలోనే

చాలా ఊళ్లలో చరిత్ర పాఠం పుస్తకంలో మొదలై పుస్తకంలోనే ముగుస్తుంది. కారంపూడిలో పల్నాటి యుద్ధం పాఠం చెబితే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. పన్నెండో శతాబ్దం చివర, క్రీ.శ. 1182 ప్రాంతంలో, ఆ యుద్ధం జరిగింది ఇక్కడే, నాగులేటి ఒడ్డున. గురజాల నలగామరాజు ఒకవైపు, మాచర్ల మలిదేవాదులు ఒకవైపు. అక్కడ మంత్రిగా నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. పడిపోయిన వీరులకు ఊళ్లోనే గుడి ఉంది. వీరుల గుడి అంటే తెలియని పిల్లవాడు ఉండడు.

పిల్లలకు అందరికన్నా దగ్గరివాడు బాలచంద్రుడు. బ్రహ్మనాయుడి కొడుకు, ఇంచుమించు వాళ్ల ఈడువాడు. యుద్ధానికి పోయేముందు వాడు చేసిన పని బొంగరాలాట. ఆ బొంగరం తగిలి అన్నమ అనే అమ్మాయి కాలికి గాయమవుతుంది. బొంగరాలాడుకునేది ఇక్కడేనా, నీ పౌరుషం ఉంటే యుద్ధరంగంలో చూపించు అన్న అర్థం వచ్చేలా ఆ అమ్మాయి నిలదీస్తుంది. వాడు ఇంటికొచ్చి ప్రయాణం కడతాడు. ఈ పాఠం చెప్పిన సాయంత్రం వీధిలో బొంగరాలు బయటికొస్తాయి. వెంటనే తల్లులూ బయటికొస్తారు. “బొంగరం ఆడి బాలచంద్రుడు ఏమయ్యాడో పొద్దునేగా చదివావు, లోపలికి రా!” ఎనిమిది వందల ఏళ్ల నాటి కథను సాయంత్రం ట్యూషన్‌కు వాడుకోగలిగిన తల్లులు ఈ ఊళ్లో ఉన్నారు.

తరగతిలో పక్షాలు కూడా ఏర్పడతాయి. మగపిల్లలు చాలామంది బ్రహ్మనాయుడి వైపు. మాల కన్నమదాసును సేనాపతిని చేసి, అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన మనిషిగా ఆయన్ను కొలుస్తారు. ఆడపిల్లలు నాగమ్మను వదులుకోరు. అంత పాతకాలంలో ఒక ఆడమనిషి రాజ్యం నడిపితే మీకెందుకంత మంట అని అడుగుతారు. సినిమాలు కూడా సాక్ష్యానికి వస్తాయి. 1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ కన్నాంబ, 1966లో వచ్చినదాంట్లో భానుమతి. “నాగమ్మ వేషానికి చిన్నాచితకా వాళ్లను పెట్టలేదు, చూశారా?” అని ఆ రోజుల్లో మా తరగతి అమ్మాయి ఒకామె లేచి వాదించింది. 1947లో బాలచంద్రుడు అక్కినేని అని మగపిల్లలు అందుకునేలోపు గంట కొట్టేశారు. ఆ వాదన బస్సులో కూడా నడిచింది. డ్రైవర్ అన్న కూడా ఒక పక్షం తీసుకున్నాడు.

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఆరాధనోత్సవాలు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. నాగులేట్లో గంగధారి మడుగు దగ్గర వాటికి స్నానం చేయిస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. ఊరంతా డప్పులు, దుమ్ము, పసుపు కుంకుమలు, రంగులరాట్నాలు, జీళ్లు, పీచుమిఠాయి.

విద్యార్థికి ఇదే గడ్డుకాలం. పరీక్ష వచ్చే వారమే, చుట్టాలు వచ్చేది మాత్రం ఈ వారమే. మంచాలన్నీ చుట్టాలవి, ఫ్యాన్లన్నీ చుట్టాలవి. నీళ్లగది ముందు వరస. పుస్తకం పట్టుకుని మేడ మీదకు పోతే అక్కడ ముందే ఇద్దరు బాబాయిలు నిద్రపోతుంటారు. “అరగంట చదువుకుంటా పిన్నీ” అంటే, “చదువుకో నాన్నా, ముందు పాల ప్యాకెట్లు తెచ్చి చదువుకో” అంటుంది. వచ్చిన ప్రతివాళ్లూ మార్కులు అడుగుతారు, ఎవరూ చదువుకోనివ్వరు. అయినా ఆ అయిదు రోజులు ఊరు విడిచి పొమ్మంటే ఏ పిల్లవాడూ పోడు.

ఆ ఉత్సవాల్లో ఒక మెలిక ఉంది. దాన్ని ముందు కనిపెట్టేది విద్యార్థులే. కథలో ముందు కోడిపోరు. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి సివంగిడేగ. మాచర్ల పక్షం ఓడి ఏడేళ్లు రాజ్యం విడిచిపోతుంది. ఆ గడువు తీరాక రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైతేగాని యుద్ధం రాదు. ఉత్సవంలో మాత్రం రెండో రోజు రాయబారం, నాలుగో రోజు కోడిపోరు. మా తరగతిలో ఒకడు పరీక్షలో యుద్ధ కారణాలు రాయమంటే, పుట్టినప్పటినుంచీ కళ్లారా చూసిన వరసలో రాశాడు. ముందు రాయబారం, తర్వాత మంద మీద దాడి, తర్వాత కోడిపోరు. తెలుగు మాస్టారు పేపరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆయనా ఈ ప్రాంతం వారే. చివరికి పూర్తి మార్కులు వేసి, పక్కన ఎర్ర ఇంకుతో ఇలా రాశారు: “ఇది తిరునాళ్ల వరస. బోర్డు పరీక్షలో కథ వరస రాయి నాయనా.” అంతకన్నా గొప్ప దిద్దుబాటు నేను ఇంతవరకూ చూడలేదు.

కోడిపోరు నాడు జనం విరగబడతారు. ఎవరు ఓడతారో అందరికీ తెలుసు. ఎన్నో తరాలుగా అదే ఫలితం. అయినా ఈసారి చిట్టిమల్లు గెలుస్తుందేమోనన్నట్టు చిన్నపిల్లలు తండ్రుల భుజాలెక్కి చూస్తారు. చివరి రోజు కళ్లిపాడు, వీరులు నేలకొరిగిన ఘట్టం. అప్పుడు ఈ అల్లరి పిల్లలే నోరెత్తరు.

మూడో రోజు, మందపోరు నాడు, చాపకూడు. నాగులేటి ఒడ్డున పుట్టిన ఆ పాత ఆచారంలో కాలేజీ పిల్లలు వరసల్లో కూర్చుంటారు. పక్కనున్నది ఎవరో తెలియదు, తెలుసుకోవాలని అడగరు. అన్నం వడ్డించేవాళ్లకు తోడుగా నీళ్ల గ్లాసులు అందిస్తారు. సమానత్వం గురించి పౌరశాస్త్రం చెప్పే పాఠాలన్నీ మంచివే. ఈ ఒక్క పూట భోజనం వాటికన్నా బాగా బోధిస్తుందని నేను నమ్ముతాను.

‘మీది పల్నాడా?’

ఇంటర్ అయ్యాక చాలామంది నరసరావుపేటకో గుంటూరుకో విజయవాడకో పోతారు. హాస్టల్లో మొదటి రాత్రే ఆ ప్రశ్న ఎదురవుతుంది. “మీది పల్నాడా?” గొంతులో కొంచెం భయం, కొంచెం కుతూహలం. “సంచిలో ఏం తెచ్చావ్?” అని ఇంకొకడు. మా పిల్లలు సంచి విప్పి చూపిస్తారు. గోంగూర పచ్చడి, వెల్లుల్లి కారం, నాయనమ్మ కట్టించిన నువ్వులుండలు. వారం తిరిగేసరికి ఆ గదిలో అన్నం పళ్లేలన్నీ ఈ మంచం చుట్టూ చేరతాయి. నెలకు ఆ ప్రశ్నే మారిపోతుంది: “మళ్లీ ఊరెప్పుడు పోతున్నావ్?”

పల్నాడులో గొడవలు లేవని నేను చెప్పను. 2024 మే 13న పోలింగ్ జరిగాక ఇక్కడ జరిగిన గొడవలను దేశమంతా టీవీల్లో చూసింది. జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. సరిగ్గా మే 16 నుంచి ఈఏపీసెట్. ఆ వారం ఈ ప్రాంతం పిల్లలు హాల్‌టికెట్లు జేబులో పెట్టుకుని, తలుపులేసిన దుకాణాల మధ్య నుంచి పరీక్షకు పోయారు. టీవీలు చూపించిన పల్నాడు వేరు, పరీక్ష రాసి వచ్చిన పల్నాడు వేరు. రెండోదాన్ని చూపించడానికి కెమెరాలు రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పల్నాటివాళ్ల మాటకు బయటి లోకంలో విలువ లేదని కూడా అనుకోకండి. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ‘పల్నాటి వీరచరిత్ర’ను పరిష్కరించి అచ్చు వేయించారు. 1982లో జీన్ రోఘేర్ అనే పరిశోధకుడు, అలిసెట్టి గాలెయ్య అనే పల్నాటి గాయకుడు పాడిన వీరుల కథను ఇంగ్లిషులోకి తెచ్చి ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా ప్రచురించారు. ఊరి నోట్లో ఉన్న కథ అంతదూరం పోయింది. ఇవాళ్టి పిల్లల నోట్లో ఉన్న కథలు సెంటర్‌లో బస్సు కదలగానే గాల్లో కలిసిపోతున్నాయి.

కాబట్టి కారంపూడి చుట్టుపక్కల పాఠశాలల, కాలేజీల మాస్టార్లకు ఒక మనవి. ఉమాకాంతం గారి పుస్తకం, రోఘేర్ గారి పుస్తకం మీ గ్రంథాలయాల్లో ఒక్కో ప్రతి అయినా ఉంచండి. ఈ కార్తీకంలో అయిదు రోజులూ పిల్లలు చూసింది, విన్నది, నవ్వుకున్నది వాళ్ల మాటల్లోనే రాయించండి. యాసను దిద్దకండి. రాసినవాటిలో మంచివి ఏరి ఏడాదికొక చిన్న సంచిక వేయండి, ఖర్చుకు ఊళ్లోవాళ్లు ముందుకొస్తారు. పాఠకులకు కూడా ఒక పిలుపు. గుంటూరు నుంచి పిడుగురాళ్ల దాకా రైలుంది, అక్కణ్ణించి కారంపూడికి బస్సు ఎక్కండి. మందపోరు నాటికి చేరుకుంటే చాపకూడుకు అందుతారు.